మధ్యాహ్నం ఆరిన గోడ

పిలిచినప్పుడు వస్తే చాలు, అంతవరకు ఇక్కడే కూర్చో అని చెప్పి సైటు మేనేజరు సురేంద్ర మీటింగు హాల్లోకి వెళ్లి తలుపేసుకున్నాడు. అతని కింద జూనియర్ ఇంజనీరు సువార్త కూర్చుంది. కూర్చోక ఏం చేస్తుంది, జీతమిచ్చేది ఆ తలుపు అవతలివాళ్లే. వరండాలో ఇనుప కుర్చీ చురుక్కుమని కాలింది. తలుపు సందులోంచి ఏసీ చల్లదనం పాదాల దాకా వచ్చి ఆగిపోతోంది, మోకాళ్ల పైన అంతా అనంతపురం మే నెల. తనకు తెలియకుండానే కాళ్లు తలుపు వైపు జరిగాయి. సిగ్గులేని కాళ్లు అనుకుని వెనక్కి లాక్కుంది. రెండు నిమిషాలకు మళ్లీ జరిగాయి. "గోడ సంగతి అడిగితే రెండే ముక్కలమ్మా" అని చెప్పి పోయాడు మహానుభావుడు. "లేబరోళ్లు నీళ్లు ఎత్తుకపోయినారు, గోడ నెర్రెలిచ్చింది, మనం రిపేరు చేసినాం. ఇంకేం మాట్లాడినా నీకూ మంచిది గాదు, నాకూ మంచిది గాదు." అమ్మా అంటాడు ఈ మనిషి. తిట్టేటప్పుడు అమ్మా, సెలవు ఇవ్వనప్పుడు అమ్మా, అబద్ధం చెప్పమనేటప్పుడు మరీ మెత్తగా, ముద్ద కలిపి నోట్లో పెడుతున్నట్టుగా అమ్మా. అలా పిలిచినప్పుడల్లా ఆమెకు ఒళ్లు మండుతుంది. మండినా తల ఊపుతుంది. ఇందాక కూడా ఊపింది. ఎందుకు ఊపాను, గంగిరెద్దునా నేను అని ఇప్పుడు పళ్లు కొరుక్కుంటోంది.

లోపల నడుస్తున్నది రివ్యూ. అణు విద్యుత్ కేంద్రం కట్టడం ఎందాకా వచ్చింది, కట్టినది సవ్యంగా ఉందా, తర్వాతి మెట్టు పనికి అనుమతి ఇవ్వొచ్చా లేదా అని తేల్చడానికి నియంత్రణ సంస్థనుంచి మనుషులు వచ్చారు. వాళ్లు వస్తున్నారని నెల ముందునుంచే ఇక్కడ పెళ్లింటి హడావుడి. రోడ్లు ఊడ్చారు, రాళ్లకు సున్నం కొట్టారు, ఆఫీసు ముందర పచ్చగడ్డి పరిచారు, యాడనుంచో చాపల్లా చుట్టి లారీలో తెచ్చి. ఈ మెట్టభూమిలో జొన్న మొలవడమే గగనం. వేరుశనగ వేసినవాడు ఆకాశం వైపు చూసి చూసి మెడలు పట్టేసి కూలికి వచ్చాడు, వాడి కళ్లముందర గడ్డికి నీళ్లు. కొబ్బరి నీళ్లు అందుకుంటూ ఆ గడ్డిని చూసి వచ్చినవాళ్లలో ఒకాయన బ్యూటిఫుల్ అన్నాడు. సువార్త పక్కనే నిలబడి ఉంది, చేతిలో ఆయన గొడుగు. బ్యూటిఫుల్ సార్, ఆ పచ్చదనం మీ గోడలోంచి పిండినదే సార్ అని చెప్పి ఉంటే ఏమయ్యేదో. నవ్వేవాడేమో. తెల్ల జుట్టు, మర్యాద తెలిసిన పెద్దాయన. అలాంటివాళ్ల మీద కోపం నిలవదు, జారిపోతుంది, జారిపోయి తన ఒళ్లోనే పడుతుంది.

గోడ అంటే మామూలు గోడ కాదు. రియాక్టరుకు రోజూ అందే నీళ్లు ఏ ఆపద వల్లనో ఆగిపోతే, దాన్ని చల్లబరచడానికి నీళ్లు నిలవ ఉంచే తొట్టి గోడ. ఊరంత తొట్టి. అందరి చేతులూ కాలిన రోజున అక్కరకు రావలసింది. దానికి కాంక్రీటు పోశాక ఆరనివ్వకూడదు, గోనెపట్టాలు కప్పి పగలూ రాత్రీ తడుపుతూనే ఉండాలి, అప్పుడే లోపల గట్టిపడుతుంది. తడి తప్పితే పగుళ్లిస్తుంది. ఇందులో పెద్ద చదువేం లేదు, నీళ్లు పోస్తూ ఉండటమే. ఆ పోసేవాళ్లు గువ్వలబండ ఆడవాళ్లు, సువార్త పుట్టి పెరిగిన ఊరివాళ్లు. హనుమక్క, బయమ్మ, ఆంజినమ్మ, ఇంకా కొందరు. హనుమక్క వాళ్లకు పెద్ద. సువార్తకు చుట్టం కాదు, కులం కాదు, మతం కాదు, అయినా అత్త. చర్చి వీధికి అవతల ఆమె ఇల్లు. చిన్నప్పుడు తన అమ్మ తాడిపత్రికి నాయన దగ్గరికి పోయిన రోజుల్లో ఆ ఇంట్లోనే సంగటి తినింది, ఆమె పక్కనే పడుకుంది.

హనుమక్కకు అప్పట్లో చీనీ చెట్లు, అదే బత్తాయి చెట్లు, ఉండేవి. బోరు ఎండిపోయాక కూడా ఆమె వాటిని చావనివ్వలేదు, బిందెలు మోసి పోసింది. ఒకరోజు మిట్టమధ్యాహ్నం, స్కూలు లేదు, సువార్త గొప్ప సాయం చేస్తున్నాననుకుని చెంబు చెంబు తెచ్చి ఒక చెట్టు మొదట్లో పోస్తూ ఉంది. హనుమక్క ఎక్కడినుంచో పరిగెత్తుకుంటూ వచ్చి చెంబు లాక్కుంది. "చెట్టుకు పోస్తాండావా, ఎండకు పోస్తాండావా? ఎండ కడుపు ఎప్పుడన్నా నిండుతాదా?" కొట్టలేదు గానీ ఆ కళ్లు చూసి సువార్త ఏడ్చింది. పట్టపగలు నీళ్లు పోయడం అంటే నేరం. తెల్లవారకముందు పోయాలి, పొద్దు గూకాక పోయాలి, వేరు దాకా దిగేట్టు పోయాలి. ఈ ప్రాంతంలో ఆ సంగతి ఎవరూ ఎవరికీ నేర్పరు, పాలతోనే వస్తుంది. అనంతపురంలో ఇంజనీరింగు చదువుతూ హాస్టల్లో ఉన్నప్పుడు కూడా పూలకుండీకి మధ్యాహ్నం నీళ్లు పోసే అమ్మాయిని చూస్తే సువార్తకు చెయ్యి దురద పెట్టేది. మరి హనుమక్క, బయమ్మ ఏం చేస్తారు? గోడకూ అదే చేశారు. ట్యాంకర్లు తగ్గిపోయాయి, వచ్చిన కాసిని నీళ్లను పొదుపుగా వాడాలి కదా అని వాళ్లంతట వాళ్లే ఆలోచించి, ఎండెక్కగానే పైపు కట్టేశారు. పొద్దున ఒకసారి, పొద్దు గూకాక ఒకసారి, గోనెపట్టాలు నానేట్టు, ప్రాణం పెట్టి పోశారు. నడుమ ఆ ఎండలో, పెనంలా కాలే ఆ ఎండలో, గోడ ఆరిపోయింది.

తప్పు. పచ్చి తప్పు. ఎవరికీ కోపం రాకుండా ఈ మాట అనడం ఎట్లా? గోడ పనికి కూలీలను పెట్టుకున్న మొదటివారమే సువార్త వెళ్లి సురేంద్రను అడిగింది, సార్, ఆ ఆడవాళ్లను ఒక గంట కూర్చోబెట్టి ఎందుకు తడపాలో చెప్తాను సార్ అని. సురేంద్ర నవ్వాడు. "నీళ్లు పొయ్యడానికి ట్రైనింగేందమ్మా, వాళ్లు పుట్టినప్పట్నుంచీ పోస్తాండారు." ఆ తర్వాత ఆమెను కంకర నాణ్యత చూసి రమ్మని తాడిపత్రికి పంపించాడు. అటు పంపించిన రోజుల్లోనే ట్యాంకర్లు గడ్డికి మళ్లాయి. ఆడవాళ్లు మధ్యాహ్నం పైపు కట్టేయడం అతను కళ్లారా చూశాడు. చూసి, శభాష్ అన్నాడు. మిగిలిన ట్యాంకరును కూడా గడ్డికి తోలించాడు. తెలియక కాదే. అతనూ చదివాడు, అదే కాలేజీలో చదివాడు, ఆమెకంటే ముందే చదివాడు. తెలిసి, నోరు మూసుకుని, గడ్డి పెంచుకున్నాడు. ఈ దిక్కుమాలిన గడ్డి, మేక కూడా మేయని గడ్డి.

తాడిపత్రి అంటే నాయన. నాయన జోయల్ అక్కడ బండలు పాలిష్ పట్టేవాడు, తిరిగే చక్రం కింద నీళ్లు పడుతూ ఉంటే దుమ్ము లేవదు, బురదగా కారిపోతుంది. నీళ్లకు కటకట వచ్చినప్పుడల్లా యజమాని నీళ్లు కట్టేసి పొడిగా పట్టమనేవాడు. మొహానికి తువ్వాలు కట్టుకుని నాయన పొడిగానే పట్టేవాడు. ఇంటికి వస్తే కనుబొమల మీద కూడా తెల్లటి దుమ్ము, ముసలివాడిలా కనిపిస్తుంటే పిల్లలు నవ్వేవాళ్లు, ఆయనా నవ్వేవాడు. ఇప్పుడు చర్చి దాకా నడవాలంటే దారిలో ఆగి ఎవరి అరుగో పట్టుకుంటాడు. మొన్న తాడిపత్రికి పోయినప్పుడు ఆ పాలిష్ షెడ్ల ముందు నుంచే బస్సు పోయింది, కిటికీ అద్దం మూసుకుంది సువార్త. అద్దం మూసుకున్నందుకు ఇప్పుడు మళ్లీ కోపం. అక్కడా నీళ్లే, ఇక్కడా నీళ్లే. నీళ్లు మిగిల్చిన మంచిపేరు ఒకడిది, ఆరిపోయేది ఇంకొకడు. తాడిపత్రినుంచి వచ్చి గోడ చూస్తే, మోకాలి ఎత్తునుంచి పైదాకా సన్నటి గీతలు, ఎండాకాలం పాదాల పగుళ్లలాగా. వేలు పెట్టి తడిమింది. వెళ్లి సురేంద్రకు చెప్పింది. మర్నాటికి ఆ గీతల మీద సిమెంటు పాలు పూసి, ఆపైన రంగు వేయించేశాడు. నున్నగా ఉంది గోడ ఇప్పుడు, పెళ్లికూతురి బుగ్గలా. పొద్దున పెద్దాయన దాని పక్కన నిలబడి ఫొటో దిగాడు.

ఫోను మోగింది. హనుమక్క. ఎత్తకూడదు అనుకుంటూనే ఎత్తింది.

"ఏమ్మా సువార్తా, యాడుండావు?"

"ఈడనే అత్తా, ఆఫీసు కాడ."

"మమ్మల్నందర్నీ గేటు కాడ షెడ్డులో కూకోబెట్టినారు. పనిలో పెట్టుకునే టోపీలు పెరుక్కున్నారు. మేం నీళ్లు దొంగతనం చేసినామంట గదా. పోలీసోళ్లు వస్తాండారంట. యాడికి ఎత్తుకపోతామమ్మా ట్యాంకరు నీళ్లు, నెత్తిన పెట్టుకోని పోతామా?"

సువార్త గొంతు తగ్గించింది. "అత్తా, మధ్యాన్నం పైపు కట్టేసింది మీరే గదా?"

"మేమే. పట్టపగలు పోస్తే ఎండ తాగుతాది గానీ గోడ తాగుతాదా? సురేంద్ర సారు కూడా చూసి శానా బాగుండాది అన్నాడే. ఏం, తప్పా?"

"తప్పే అత్తా. సిమెంటు చెట్టు కాదు. ఒక్క పూట ఆరినా పాడైపోతాది."

అవతల వెనక ఆంజినమ్మ ఎవరినో తిడుతున్నట్టు వినిపించింది. తర్వాత హనుమక్క గొంతు మెల్లగా, తనలో తాను అనుకుంటున్నట్టుగా వచ్చింది. "ఆ మాట ఎవరన్నా చెప్తే గదమ్మా మాకు తెలిసేది." ఫోను పెట్టేసింది.

తల కొట్టేసినట్టయింది సువార్తకు. కోపం వచ్చింది, హనుమక్క మీద కూడా వచ్చింది. నాకొక ఫోను చేసి అడగొచ్చు కదా, తాడిపత్రి ఏమైనా చంద్రమండలమా, ఊళ్లో పిల్లి ఈనితే ఫోను చేస్తారే, గోడకు నీళ్లెట్లా పోయాలో అడగడానికి ఫోను లేదా? ఎందుకు అడుగుతారు, తెలిసిన పని అనుకున్నప్పుడు ఎవరైనా అడుగుతారా, అన్నం ఎట్లా తినాలో నువ్వు ఎవరినైనా అడిగావా? కోపం తిరిగి తిరిగి సర్పంచి నారాయణప్ప మీదికి పోయింది. ప్లాంటు వస్తే ఊరికి ఉద్యోగాలు అని తప్పెట్లు కొట్టించాడు, వచ్చిన ఉద్యోగం గోనెపట్టాలు తడపడం. పాస్టరు మీదికి పోయింది, ఓర్పు ఓర్పు అని ప్రతి ఆదివారమూ నెత్తిన రుద్దుతాడు. ఓర్చుకుని ఓర్చుకుని నాయన ఊపిరి అయిపోయింది. చివరికి తలుపు మీదికి వచ్చి ఆగింది కోపం. తేకు తలుపు, కొత్తగా వార్నిష్ కొట్టారు, ఇంకా వాసన పోలేదు. లోపల ఎవరో నవ్వారు, పదిమందీ నవ్వారు. సురేంద్ర ఏదో జోకు వేసి ఉంటాడు. పెద్దవాళ్లను నవ్వించడంలో దిట్ట.

చెప్పేస్తే? గడ్డికి మళ్లించారని చెప్పేస్తే, ఆ అమ్మాయిది ఆ ఊరే, వాళ్లను వెనకేసుకొస్తోంది అంటాడు. రంగు వేసేశాక పగుళ్లు కంటికి కనిపించవు. ఎవరి మాట నిజమో తేలాలంటే ఒకటే దారి, తొట్టిని నీళ్లతో నింపి చూడటం. నింపి, రోజులు ఆగి, మట్టం దిగిందా, గోడ చెమర్చిందా అని చూస్తారు. చెయ్యవలసిన పరీక్షే అది, చెయ్యకుండా తర్వాతి పనికి పోకూడదు. కానీ వేసవి కదా, నీళ్లు లేవు కదా, వానలు పడ్డాక చేస్తాం, ఈలోపు పైపని మొదలెడతాం అని సురేంద్ర అనుమతి అడగబోతున్నాడు. వానలు పడేసరికి తొట్టి చుట్టూ వేరే కట్టడాలు లేస్తాయి, అప్పుడు కారినా పగలగొట్టేవాడు ఉండడు. ఇప్పుడే నింపమంటే? ఇక్కడికి సువార్త ఆలోచన వచ్చిన ప్రతిసారీ వెనక్కి తిరుగుతోంది. ఎందుకంటే నీళ్లొచ్చే పైపులైను ఒకటే. దూరపు రిజర్వాయరు నుంచి ప్లాంటుకు వచ్చే లైనులోంచే గువ్వలబండ కొళాయిలకూ వస్తాయి. ప్లాంటుకు ఎక్కువ కావలసి వస్తే ఊరి వాల్వు కట్టేస్తారు. ఊరంత తొట్టి నిండాలంటే ఈ మే నెలలో ఊరి గొంతు ఎండాలి. చెప్పకపోతే హనుమక్క దొంగ, పోలీసు జీపు, ఆ గోడ రేపు ఎప్పుడో కారితే దాని పక్కన ఉండేది మళ్లీ గువ్వలబండే. చెప్తే ఊరికి నీళ్లు బంద్, తన ఉద్యోగమూ బంద్, ఇంట్లో నాయన మందులు. ఎటు తిప్పినా మనవాళ్ల మొహమే ఎదురొస్తుంది, ఆ తలుపు అవతలివాళ్ల మొహం ఒక్కటీ ఎదురు రాదు. ఎట్లా అమర్చుకున్నార్రా ఇంత నున్నగా అని కుర్చీ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది. అరచేతిలో తుప్పు అంటుకుంది.

తలుపు తెరుచుకుంది. సురేంద్ర తల బయటికి పెట్టి, "రామ్మా" అన్నాడు.

లోపల చలి, కాఫీ వాసన, గోడ మీద పెద్ద బొమ్మ. ఆ బొమ్మలో పచ్చగడ్డి, వెనక నున్నటి తొట్టి. సువార్తకు కూర్చోమని ఎవరూ అనలేదు. రివ్యూకు వచ్చినవాళ్లలో ఒకామె, నూలుచీర కట్టుకుని జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నావిడ, ఇంగ్లీషులో అడిగింది, గోడను తడిపే పనిలో ఏదో అంతరాయం వచ్చిందని రాశారు, ఏం జరిగింది అని. సువార్త నోరు తెరిచే లోపలే సురేంద్ర అందుకున్నాడు. స్థానిక కూలీలు నీళ్లు ఊరికి తరలించడం వల్ల, వెంటనే గుర్తించి, చర్యలు తీసుకుని, మరమ్మతు చేసి. గడగడా చదివేశాడు. తర్వాత ఆమె వైపు తిరిగి, అంతే కదమ్మా అన్నాడు.

గంటసేపు కూర్చి పెట్టుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయాయి. ఉన్న నాలుగూ వచ్చాయి. "కాదు సార్. నీళ్లు ఎవరూ దొంగిలించలేదు. తొట్టికి రావలసిన ట్యాంకర్లు మీరు పొద్దున చూసిన గడ్డికి పోయాయి. మిగిలిన నీళ్లను మధ్యాహ్నం ఆపేసి పొద్దునా సాయంత్రమూ పోశారు, అది తప్పని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, నేను చెప్తానంటే సురేంద్ర సార్ వద్దన్నారు. పగుళ్ల మీద రంగు వేశారు."

సురేంద్ర నవ్వాడు. ఆమెది ఆ ఊరే సార్, బాధ ఉంటుంది కదా అన్నాడు. తెల్ల జుట్టు పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఇద్దరి మాటల్లో ఏది నిజమో మాకెట్లా తెలుస్తుంది అని అడిగాడు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టుగా.

"నింపి చూడండి సార్. ఇప్పుడే."

అప్పుడు సురేంద్ర మొహంలో జాలి పొంగింది. ఆ జాలిని సువార్త చచ్చేదాకా మరిచిపోదు. "సార్, ఇది కరువు నేల సార్. ఇప్పుడు తొట్టి నింపితే ఊరివాళ్ల తాగునీళ్లు ఆగిపోతాయి. పాపం, ఆడవాళ్లు, పిల్లలు. మనకు మానవత్వం ఉండాలి కదా సార్." గేటు దగ్గర ఆడవాళ్లను షెడ్డులో కూర్చోబెట్టమన్న నోటితోనే అన్నాడు. లోపల ఉన్నవాళ్ల మొహాలు మెత్తబడ్డాయి. ఒకాయన తల కూడా ఊపాడు. అది చూశాక సువార్తలో మిగిలిన భయం కాస్తా కాలిపోయింది.

"ఆ ఊరు మాది" అంది. "నింపండి."

నూలుచీర ఆవిడ ఏదో రాసుకుంది. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని, పరీక్ష అయ్యేదాకా పైపనికి అనుమతి లేదు, ఆ కూలీల మీద కేసు ఏమీ వద్దు, ముందు గోడ సంగతి తేలనివ్వండి అన్నాడు. సురేంద్ర అమ్మా అనలేదు. ఎర్రగా చూశాడు. బయటికి నడవమని చెయ్యి ఊపాడు, రేపటినుంచి రానక్కర్లేదని ఆ చెయ్యే చెప్పింది.

గేటు దాకా ఎండలో ఎలా నడిచిందో ఆమెకు తెలియదు. షెడ్డు తలుపు తీసి ఉంది, ఆడవాళ్లు బయట నీడకు చేరారు. పోలీసులు వెనక్కి పోయినారని, టోపీలు మళ్లీ ఇస్తామన్నారని బయమ్మ చెప్పింది. హనుమక్క మాత్రం లేవలేదు, కొంగుతో విసురుకుంటూ సువార్త మొహంలోకే చూస్తోంది. సువార్త జరిగిందంతా చెప్పింది. దొంగలు కాదని అనిపించానన్న గర్వం ఆమె గొంతులో ఉంది, దాచుకోలేకపోయింది.

"తొట్టి నిండేదాకా మన కొళాయి కట్టేస్తారు గదా" అంది హనుమక్క.

"కట్టేస్తారత్తా."

"మమ్మల్ని అడిగినావా?"

అందరూ సువార్తనే చూస్తున్నారు. గంటనుంచి లోకమంతటి మీదా పెంచుకున్న కోపానికి ఎదురుగా ఈ ఒక్క ప్రశ్న నిలబడింది, దాన్ని తోసుకుని పోవడానికి దారి కనిపించలేదు.

"సరే, నింపమన్నావు. మంచి పనే చేసినావు" అని హనుమక్క మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచింది. "కారే గోడను మన పక్కన పెట్టుకుని బతకలేం. మరి నిండేదాకా మనూరికి ఆ గడ్డి ట్యాంకరు తోలుతామని ఒప్పుకున్నారా వాళ్లు?"

"అడగలేదత్తా."

"అడగలేదు." హనుమక్క కొంగు నడుముకు దోపుకుంది. "దా. వాళ్లు కార్లెక్కకముందే పోదాం. నువ్వు ఇంగ్లీషులో చెప్పు, నేను తెలుగులో చెప్తా."

సెక్యూరిటీ అతను అడ్డం వచ్చాడు, టోపీల్లేకుండా లోపలికి పోకూడదన్నాడు. టోపీలు నీ కాడనే ఉండాయి గదప్పా అని ఆంజినమ్మ అతన్ని పక్కకు జరిపింది. రోడ్డు చుట్టు తిరిగి పోతుంది, దగ్గరి దారి గడ్డి మీదుగానే. గడ్డిని తొక్కరాదు అని అక్కడ బోర్డు నాటి ఉంది. సువార్త ఒక్క క్షణం దాని దగ్గర ఆగింది. హనుమక్క ఆగలేదు. చెప్పుల కాళ్లతో నేరుగా గడ్డి మీదికి నడిచింది, వెనక బయమ్మ, ఆంజినమ్మ, మిగతా అందరూ, వాళ్ల వెనక సువార్త.